డబ్బా పేస్‌మేకరా, సాగే పట్టీయా?

కావలిలో మా పెదనాయన భుజం కింద, గుండె లయ తప్పకుండా చిన్న కరెంటు తాకిడి ఇచ్చే పేస్‌మేకర్ అగ్గిపెట్టెలా ఉబ్బి కనబడుతుంది. టైటానియం డబ్బా, రక్తనాళం గుండా గుండెకి తీగ. బ్యాటరీ దాదాపు పదేళ్లు. మొరటుదే, కానీ నమ్మకమైంది.

గుండె మీదే అతికించే సాగే పట్టీ రకం వేరు. సిలికోన్ లాంటి మెత్తటి పొరలో పాము మెలికల్లా సన్నటి బంగారు తీగలు. పొర సాగితే తీగ తెగదు, మెలిక విప్పుకుంటుందంతే. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండె మీద గట్టి వస్తువు ఆనడమంటే, మీగడ మీద ఉదయగిరి చెక్కగరిటె పెట్టినట్టే; ఈ పొరైతే గుండెతోపాటే ముడుచుకుంటుంది. 2021లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ బృందం, పనయ్యాక ఒంట్లోనే కరిగిపోయే మెత్తటి పేస్‌మేకర్‌ని కూడా జంతువుల్లో పరీక్షించి చూపింది. అదీ కొన్నాళ్ల అవసరానికే.

నాకు మోజు రెండోదాని మీదే. పెదనాయనకి మాత్రం డబ్బానే ఉండనిస్తాను.