ఫ్రీజర్‌లో ఉల్లి తరుగు: చాన్నాళ్ల వాడకం తర్వాత

పులుసుకి, మసాలా కూరల గ్రేవీకి, పప్పుకి ఫ్రీజర్ ఉల్లి భేషుగ్గా పనికొస్తుంది. పకోడీకి, పెసరట్టు మీదికి, పెరుగు పచ్చడికి అస్సలు పనికిరాదు. ఉల్లిలో దాదాపు 89 శాతం నీరే. అది గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు ముక్కలోని కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగాక కరకర పోతుంది, నీరు కారుతుంది. పకోడీలో వేశారంటే శనగపిండి జారైపోయి నూనె పీల్చేస్తుంది.

విజయవాడ వానాకాలపు చెమ్మకి బుట్టలో ఉల్లి మొలకలేస్తుంది, మెడ దగ్గర మెత్తబడుతుంది. అలా కాకముందే తరిగిపెట్టుకోవాలి; మెత్తబడినదాన్ని ఫ్రీజర్ బాగుచేయదు. పాయ ఎంపికలోనే సగం ఫలితం ఉంది. కర్నూలు ఖరీఫ్ పాయలో తడి ఎక్కువ. ముక్కలు అతుక్కుపోతాయి, వేగడానికీ ఆలస్యమవుతుంది. పొట్టు బాగా ఎండి, మెడ సన్నగా బిగుసుకున్న మహారాష్ట్ర రబీ పాయ దీనికి నయం.

కడగడం, తుడవడం పొట్టు తీయకముందే అయిపోవాలి. తరిగాక నీళ్లు తగిలితే గడ్డలు కడుతుంది. సెంటీమీటరు సైజు ముక్కలు చాలు. బీన్స్‌కి, బఠాణీకి చేసినట్టు వేడినీళ్లలో ముంచక్కర్లేదు. ముక్కల్ని స్టీలు పళ్లెంలో ఒకే వరసగా పరిచి 2 గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, గట్టిపడ్డాకే జిప్ కవర్లలోకి ఎత్తాలి. కవరుకి 200 గ్రాములు, అంటే మధ్యరకం పాయలు రెండు. గాలి నొక్కేసి, అట్టలా పలచగా చదును చేయాలి. అప్పుడు కావలసినంత విరుచుకోవచ్చు.

వాసన మాత్రం పెద్ద తలనొప్పి. ఒక్క కవరు సరిపోదు; ఐసు ముక్కలకి, ఐస్‌క్రీముకి పట్టేస్తుంది. కవర్లన్నీ బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. పళ్లెం లోపలున్న ఆ 2 గంటలూ ఐస్‌క్రీము బయటికి తీయలేరు కాబట్టి, దానికీ గట్టి మూత ఉండాలి.

వండేటప్పుడు కరగనివ్వొద్దు. నూనె బాగా కాగాక నేరుగా వేయండి. చిటపటలాడి చిందుతుంది, పక్కకి జరిగి వేయండి. వెడల్పు మూకుడు కావాలి, ఒకేసారి ఎక్కువ వేయకూడదు, ఉప్పు ముందే చల్లకూడదు. ఇరుకు గిన్నెలో నీరు ఎగిరిపోయే దారి లేక ముక్క ఉడికిపోతుందే తప్ప ఎర్రబడదు. మంట మొదట్లో పెద్దగానే ఉంచి, నీరు ఇంకాక తగ్గించాలి. బెండకాయ వేపుడులో ఈ ఉల్లి వేయకండి, జిగురు ఇంకా పెరుగుతుంది. గోంగూర మాంసంలోనైతే తేడా తెలియదు.

పచ్చి ఉల్లిని మెత్తగా రుబ్బి దాచడం కంటే, వేయించి దాచడమే అన్నిటికన్నా మేలు. పచ్చి ముద్ద నిలవుంటే చేదెక్కుతుంది. తరుగుని నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారనిచ్చి, ఐసు ట్రే గుంటల్లో నింపాలి. నీరు ముందే పోయింది కాబట్టి ముక్క పాడవడానికేమీ మిగలదు. ఫ్రీజర్‌లో తక్కువ చోటు పడుతుంది, పొద్దున్నే క్యారేజీ కూర సగం పని అయిపోయినట్టే. బిర్యానీ కోసం కరకరలాడేలా వేయించిన ఉల్లి కూడా కాగితం మీద నూనె ఇంకాక ఇలాగే నిలవుంటుంది.

పచ్చి ముక్కలు మైనస్ 18 డిగ్రీల్లో 3 నుంచి 6 నెలలు రుచిగా ఉంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న ఫ్రీజర్ అరలో అంత చలి నిలకడగా ఉండదు. నెల లోపే వాడేయడం మంచిది. కవరు మీద తేదీ రాయండి.

కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న మంచి ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. చిన్న అర అంతసేపు ఆగదు. ముక్కలు మెత్తబడి, ఇంకా చల్లగానే ఉంటే ఆ పూటే వేయించేయండి. వెచ్చబడి ఉంటే పారేయడమే.