సముద్రపు గాలికి ఏ తాళం నిలిచింది? లాసన్స్ బే కాలనీ నుంచి

బీచ్‌కి దగ్గర్లో ఇల్లున్నవాళ్లు తాళానికి లివర్లు (లోపల చెవి ఎత్తే పలకలు) ఎన్ని అన్నది తర్వాత అడగొచ్చు, ముందు అది ఏ లోహమో అడగాలి. మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక వీధి తలుపు మార్చి, ఇత్తడి సిలిండర్ (చెవి దూరే భాగం), 316 రకం స్టీలు హ్యాండిల్ ఉన్న మార్టిస్ తాళం, అంటే తలుపు మందంలోనే ఇమిడిపోయేది, పెట్టించాం. ఇప్పటికీ రెండు చుట్లూ సాఫీగా తిరుగుతుంది. అప్పుడే పెరటి తలుపుకి కొన్న క్రోమ్ పూత హ్యాండిల్ మాత్రం రెండో వానాకాలానికే పొక్కులు లేచి చేతికి గీరుకునేది. లోపలున్నది జింకు కలిపిన పోత లోహం. పూత ఎక్కడ కాస్త చిట్లినా ఉప్పుగాలి అడుగు నుంచి తినేస్తుంది.

స్టీలంతా ఒకటి కాదు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది దానివల్లే. ధర ఎక్కువే కాబట్టి వీధి వైపు, బాల్కనీకి అది వేసి లోపలి గదులకి 304తో సరిపెట్టాం. షాపులో అయస్కాంతం పెట్టి "అంటలేదు కదండీ, 304 సరుకే" అంటారు. చవకరకం 202 కూడా అంటదు మరి! గ్రేడు బిల్లు మీద రాసిమ్మనండి. రాయకపోతే ఇంకో షాపు చూసుకోవడమే.

ఎవరూ పట్టించుకోనివి స్క్రూలు. బందులు స్టెయిన్‌లెస్ అయినా వాటికి ఇనప స్క్రూలు కొడితే అవి తుప్పు పట్టి, తలుపు కిందికి జారి, తాళం నాలుక గాడిలో పడదు. మనం తాళం పోయిందనుకుంటాం. దొంగ తలుపుని తన్నినా ముందు పోయేది తాళం కాదు, నాలుక దూరే రేకు దగ్గర గుమ్మం చెక్క చీలుతుంది. డబ్బాలో వచ్చే పొట్టి స్క్రూలు తీసేయించి, మూడంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూలు గుమ్మంలోకి లోతుగా దింపించాం. ఖర్చు చాలా తక్కువ.

సిలిండర్ తలుపు మందానికి తగ్గట్టు ఉండాలి. బయటికి రెండు మూడు మిల్లీమీటర్లకి మించి పొడుచుకొస్తే పట్టకారుతో పట్టి విరిచేయొచ్చు. తాళం చెవి పోయినప్పుడు తాళం మొత్తం మార్చక్కర్లేదు. తలుపు అంచున ఒక్క స్క్రూ విప్పి సిలిండర్ ఒకటే మార్చుకోవచ్చు.

తాళంలో కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు. ఈ విషయంలో మా అత్తగారిని మాత్రం ఇప్పటికీ ఒప్పించలేకపోయాను. నేల కడిగే యాసిడ్ కూడా గుమ్మం దగ్గర వద్దు, దాని ఆవిరికే స్టీలు మచ్చలు పడుతుంది.

మా తాళం మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు హ్యాండిల్ స్ప్రింగు. అది వదులై హ్యాండిల్ కొంచెం కిందికి వాలుతోంది. విడిగా స్ప్రింగు దొరకదట, హ్యాండిల్ సెట్టే కొనాలట. అందుకే కొనేముందు విడిభాగాలు దొరుకుతాయో లేదో కూడా అడగండి.