పోలో కారు వేసుకుని ట్రాక్ డేకి: హైదరాబాద్ నుంచి ఇరుంగాట్టుకోట్టై, మళ్లీ ఇంటికి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాప కూర్చునే సీటు విప్పి పక్కన పెడుతుంటే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఏమండీ, ఇదే కారులో తిరిగొస్తారా, లారీ మీద వస్తారా?" అప్పటికి నవ్వేశాను. కానీ తర్వాత రెండు నెలల పాటు ఏ పార్టు కొనబోయినా ఆ ప్రశ్నే అడ్డం వచ్చింది. ట్రాక్ డే అంటే డబ్బు కట్టి మన సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. అలా రోజంతా ట్రాక్ మీద వాయించిన బండితోనే మర్నాడు 600 కిలోమీటర్ల పైచిలుకు నడుపుకుంటూ ఇంటికి రావాలి. ట్రైలర్ పెట్టుకునే స్తోమత లేనివాడికి తయారీ అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

బండి 2020 ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, 110 హార్స్‌పవర్. దీన్ని స్పోర్ట్స్ కారంటే నవ్వేవాళ్లున్నారు. అందులో మొదటివాడు మా బావమరిది. వాడికి స్కోడా ఆక్టేవియా ఉంది మరి, నా దానికంటే పెద్ద కారు. అయినా తోడు వస్తానని వాడే బయల్దేరాడు, తన కారు మాత్రం ఇంట్లోనే పెట్టి. ఎందుకని అడిగితే "నీ కారు చూసి నేర్చుకుంటా" అన్నాడు.

ట్రాక్ కోసం అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌లో కార్ల రేసు జరగలేదా అంటే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ నడిచింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ ఎండలో గ్యాలరీలో కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ అది రోడ్డు మూసి కట్టిన ట్రాక్. ఇప్పుడు అదే ఎన్టీఆర్ మార్గ్‌లో ఆదివారం సాయంత్రం ఐస్‌క్రీమ్ బళ్ల పక్కన రెండో గేరు పడితే గొప్ప. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు చుట్టి వచ్చినా అక్కడ నేర్చుకునేది తిన్నగా పోవడమే. అదీ 120 లోపు. ఆ హద్దు దాటి సరదా తీర్చుకునే కుర్రాళ్ల వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మనకి మిగిలినవి దూరపు ఊళ్లు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, చూడ్డానికి కళ్లు చాలవు. కానీ అంత దూరం కారు నడుపుకుంటూ వెళ్లి, ట్రాక్ మీద నడిపి, మళ్లీ నడుపుకుంటూ రావడం మావల్ల కాదు. కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు. మలుపు వెంట మలుపు, బ్రేకులు చల్లారే సందు తక్కువ. ఎటు లెక్కేసినా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూటే తేలింది. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. శుక్రవారం పొద్దున బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

తయారీకి ఊళ్లో మూడు చోట్ల తిరిగాను. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ చూసి మర్యాదగా పంపించారు. ట్రాక్ అనే మాట వినగానే మాత్రం అడ్వైజర్ మొహం మారింది, "సార్, ఆ సంగతి జాబ్ కార్డులో రాయొద్దు" అన్నాడు. వారంటీ గొడవలు తెలిసిన మనిషి. పడమటి హైదరాబాద్‌లో ఒక ట్యూనింగ్ షాపుకి వెళ్తే, కారు దిగకముందే ఇంజిన్ మ్యాప్, అంటే ఇంజిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, మార్చేద్దాం, 130 హార్స్‌పవర్ దాటిస్తాం అన్నారు. బ్రేకుల గురించి అడిగితే "అవి తర్వాత చూద్దాం బ్రో" అని జవాబు. అక్కడి నుంచి బయటపడ్డాను. చేతిలో ఉన్న 110నే సరిగ్గా ఆపడం రానివాడికి ఇంకో 20 ఎందుకు?

మూడోది రాణిగంజ్ వైపు సందులో ఉన్న మా పాత మెకానిక్ భాయ్ షెడ్డు. జాకీ మీద లేపి ముందు చక్రం అటూ ఇటూ ఊపి, బేరింగ్ చూసి, సస్పెన్షన్ లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌లు చూసి, ఒక బుష్ చీలిందని పట్టేశాడు. "అన్నా, వెనక డ్రమ్ము బ్రేకులే కదా నీ బండికి. ఉన్న భారమంతా ముందు డిస్కుల మీదే. పైసలు అక్కడ పెట్టు." నాకు దొరికిన అన్ని సలహాల్లోకి అదే ఖరీదైనది. దానికి ఆయన ఏమీ తీసుకోలేదు. వేడికి తట్టుకునే బ్రేకు ప్యాడ్లు ముందు చక్రాలకి తెప్పించి ఆయన చేతే వేయించాను. వేశాక పక్కన కూర్చుని, శంషాబాద్ వైపు ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డు మీద మెల్లగా వేగం పెంచడం, పూర్తిగా ఆగకుండా తగ్గించడం, ఇలా పదిసార్లు చేయించాడు. ప్యాడు డిస్కుకి అలవాటు పడాలట. దోసె పెనం కొత్తగా కొన్నప్పుడు మా అమ్మ చేసే తతంగం గుర్తొచ్చింది.

టైర్లు మార్చలేదు. ఉన్నవి మంచి కంపెనీవే, సగం మీద అరిగాయి. కొత్త టైరు కంటే కొంచెం అరిగిన టైరే ట్రాక్ మీద కదలకుండా నిలుస్తుంది, గాటు ఎత్తు తక్కువ కాబట్టి. అయితే తిరుగు ప్రయాణంలో వాన పడితే ఆ అరిగిన గాట్లే నీళ్లు తోడాలి. అందుకే సంక్రాంతి రద్దీ తగ్గాక, చెన్నై వానలు వెళ్లిపోయాక, జనవరి చివరి వారం పెట్టుకున్నాను.

బ్రేక్ ఆయిల్ దగ్గరే నేను తప్పు చేశాను. భాయ్‌కి ఆ వారం ఇంట్లో పెళ్లి. దాంతో పాత ఆయిల్ తీసి కొత్తది పోయించడానికి బండిని గచ్చిబౌలి వైపు ఏసీ లాంజ్, కాఫీ మిషన్ ఉన్న ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీకి ఇచ్చాను. మంచి రకం డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడు) డబ్బా నేనే కొనిచ్చాను, 300 డిగ్రీలు దాటితే గానీ మరగనిది. గంటలో ఫోన్ చేసి అయిపోయిందన్నారు. గంటలో ఎలా అయిందని నాకు అనుమానం రావాల్సింది. కాఫీ బాగుంది, రాలేదు.

శుక్రవారం తెల్లవారి ఐదింటికి బయల్దేరాం. విజయవాడ మీదుగా కాకుండా నార్కెట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి, మేదరమెట్ల చేరే దారి పట్టాం. చెన్నై వెళ్లేవాళ్లకి విజయవాడ ట్రాఫిక్ తప్పుతుంది. రోడ్డు బాగుంది, కాకపోతే పిడుగురాళ్ల ప్రాంతంలో సున్నం, సిమెంటు లారీలు వరస కట్టి పోతుంటాయి, ఓపిక కావాలి. వాడపల్లి వంతెన మీద కృష్ణ చూసి ఐదు నిమిషాలు ఆగాం. టిఫిన్ మిర్యాలగూడలో. ఇడ్లీ మామూలే, అల్లం చట్నీ మాత్రం మళ్లీ మళ్లీ వేయించుకున్నాం. మధ్యాహ్నం నెల్లూరులో ఒక మెస్సులో చేపల పులుసు. డ్రైవింగ్ ఉంది కదా తక్కువ తిందామనుకున్నాం, కుదరలేదు. దాని ఫలితం సూళ్లూరుపేట దాకా కునికిపాట్లు, స్టీరింగ్ బావమరిదికి ఇవ్వాల్సి వచ్చింది. తడ దాటాక ఊళ్లోకి పోకుండా చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నజరత్‌పేట దగ్గర దిగి శ్రీపెరుంబుదూర్ వైపు తిరిగాం.

బస రెండు రాత్రులు, రెండు చోట్ల. మొదటిది శ్రీపెరుంబుదూర్ బస్టాండు దగ్గర చవకలో దొరికిన లాడ్జి. గది శుభ్రమే, కానీ పార్కింగ్ అంటే రోడ్డు పక్క మట్టి. రాత్రంతా లారీల హారన్లు, నాకు కిటికీలోంచి కారు చూసుకోవడం. ట్రాక్ డే ముందు రాత్రి నిద్ర మీద పొదుపు చేయకూడదని నాలుగింటికి బుద్ధొచ్చింది. రెండో రాత్రి హైవే మీదున్న బిజినెస్ హోటల్. పక్కనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ కాబట్టి కొరియా అతిథులు ఎక్కువ, పొద్దున టిఫిన్‌లో పొంగల్ పక్కన కిమ్చి పెట్టారు. సెల్లార్ పార్కింగ్, వేడి నీళ్లు, మందపాటి పరుపు. అద్దె రెట్టింపు కంటే ఎక్కువే అయినా, మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే.

శనివారం ఏడింటికి ట్రాక్ గేటు దగ్గర వరస. ముందు బండి తనిఖీ. బ్యాటరీ బిగుతు, ఆయిల్ లీకులు, బ్రేక్ లైట్లు, ముందు టో హుక్, హెల్మెట్. లోపల వదులుగా ఏమీ ఉండకూడదు. స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, గ్లవ్ బాక్సులో కాగితాలు అన్నీ తీసేశానని ధైర్యంగా నిలబడ్డాను. తనిఖీ చేసే పెద్దాయన డ్రైవర్ సీటు కింద చెయ్యిపెట్టి మా పాప లక్కపిడతల సెట్టులోని చిన్న స్టీలు గ్లాసు బయటికి తీశాడు. అందరూ నవ్వారు. అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి వెళ్తే ఏమయ్యేదో ఆలోచించి నాకు చెమట పట్టింది.

ఇంకో మాట. మన మామూలు కారు ఇన్సూరెన్స్‌లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకం వర్తించదని పాలసీలోనే రాసుంటుంది. ట్రాక్ మీద గోడకి గుద్దితే ఆ ఖర్చు మనదే. సంతకం పెట్టే కాగితం కూడా అదే చెబుతుంది. ఇది తెలిసే వెళ్లాలి, ఇంట్లో వాళ్లకీ తెలియాలి.

సెషన్ ఇరవై నిమిషాలు. నాలుగు చక్రాల్లోనూ 29 పాయింట్ల గాలితో మొదలెట్టాను, రోడ్డు మీదైతే 33 పెడతాను. మొదటి సెషన్ అయ్యేసరికి వేడెక్కి 35 చూపించింది. అక్కడి నుంచి ప్రతిసారీ దిగగానే గేజి పెట్టి కొంచెం కొంచెం వదలడమే పని. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌కి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. ఆయన అరచేయి గాల్లో కిందికి నొక్కుతూ "మెదువా, మెదువా" (మెల్లగా, మెల్లగా) అంటాడు. స్ట్రెయిట్ చివర సీ1 అనే వేగమైన కుడి మలుపు ఉంది. నేను భయపడి అక్కడ బ్రేకు తొక్కుతూ, నెమ్మదిగా తీసుకోవాల్సిన మలుపుల్లో దూకుడుగా దూరుతున్నాను, పూర్తిగా తలకిందులు. తర్వాత ఆయన నా కారే తీసుకుని ఒక రౌండు తిప్పాడు. టైరు కీచుమనలేదు, నా తల కూడా పెద్దగా ఊగలేదు, కానీ నా కంటే ఆరు సెకన్లు ముందు వచ్చాడు. మ్యాప్ మారుస్తామన్న షాపు వాళ్లకి ఆ ఆరు సెకన్లు ఎక్కడ అమ్ముతారో అడగాలనిపించింది.

మూడో సెషన్, ఐదో రౌండు. మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగింది. రెండోసారి పంపు చేస్తే పట్టింది. వెంటనే వేగం తగ్గించి, చెయ్యి బయట పెట్టి, ట్రాక్ పక్కన బళ్లు ఆపే పిట్‌లోకి వచ్చేశాను. హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టాం. కాగుతున్న డ్రమ్ముల మీద హ్యాండ్ బ్రేకు లాగితే పట్టేసుకుంటుందని భాయ్ ముందే చెప్పాడు. ప్యాడు వేడెక్కి పట్టు పోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. పెడల్ మెత్తబడిందంటే ఆయిల్ మరిగినట్టు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. మామూలు డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా ఆగాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కుకుపోతుంది.

కానీ నాది కొత్త ఆయిల్ కదా? పిట్ వెనక బళ్లు నిలిపే ప్యాడాక్‌లో, ఇంకో జట్టుతో వచ్చిన మెకానిక్ కుర్రాడు చల్లారాక ముందు చక్రం బ్రేకు (క్యాలిపర్) నిపుల్‌కి పైపు తగిలించి బ్లీడ్ చేశాడు, అంటే లోపలి ఆయిల్ బయటికి వదిలాడు. వచ్చింది కషాయం రంగు. పైన డబ్బాలో మాత్రం లేత తేనెలా ఉంది. ఆ గ్యారేజీ వాళ్లు పైన ఉన్నది పీల్చేసి కొత్తది నింపారు, చక్రాల దగ్గర ముట్టుకోలేదు. అదే గంటలో అయిన పని. కుర్రాడు నాలుగు చక్రాలకీ పాతదంతా వదిలించి, వాళ్ల దగ్గరున్న సీలు తీయని డబ్బాతో నింపాడు. ఆయిల్ డబ్బులు తీసుకున్నాడు, పని డబ్బులు వద్దన్నాడు. బలవంతంగా జేబులో పెట్టాం. వాళ్లు లేకపోతే నేను మా ఆవిడకి లారీ మీదే కనిపించేవాణ్ణి.

తిరిగొచ్చాక గ్యారేజీకి ఫోటోలు పంపాను. "పొరపాటు జరిగింది సార్, ఫ్రీగా మళ్లీ చేస్తాం" అన్నారు. వెళ్లలేదు. ఇప్పుడు బ్రేక్ ఆయిల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడి ఒక్కో చక్రం దగ్గర రంగు మారేదాకా చూస్తాను, కాఫీ ఇచ్చినా కదలను.

నాలుగో సెషన్ జాగ్రత్తగా నడిపి, చివరి రౌండు బ్రేకు తొక్కకుండా చల్లార్చి ఆపేశాను. ఐదోది వదిలేశాను, డబ్బు కట్టినా సరే. బావమరిది వింతగా చూశాడు. చక్రాల బోల్టులు బిగుతు కొలిచే టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్ల దగ్గర మళ్లీ బిగిస్తే రెండు కొంచెం తిరిగాయి. గాలి మళ్లీ 33కి నింపి, స్టెప్నీ, జాకీ డిక్కీలో వేసుకున్నాం.

ఆదివారం తిరుగు దారి అదే, సంగతేమీ లేదు. నెల్లూరులో ఈసారి పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం. అద్దంకి దాటాక స్టీరింగ్ అడిగి తీసుకున్న బావమరిది, రెండు గంటలు మాట్లాడకుండా నడిపి, "ఆ ప్యాడ్లు ఆక్టేవియాకి దొరుకుతాయా?" అన్నాడు.

పాప సీటు మళ్లీ బిగించాను, గ్లాసు లక్కపిడతల బుట్టలో వేశాను. ఒక్క ఇబ్బంది మిగిలింది. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉంటే కీచుమంటున్నాయి, సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాళ్లు తిరిగి చూస్తారు. హారన్ కొట్టే పని లేకుండా ఆ చప్పుడు వినే మా వాచ్‌మన్ గేటు తీస్తున్నాడు. పాత ప్యాడ్లు వేయించమని ఇంట్లో ఒత్తిడి ఉంది. మార్చిలో ఇంకో ట్రాక్ డే ఉందని నేనింకా చెప్పలేదు.