ఫ్లాప్‌కు ముందే ఆల్-ఇన్: కాల్ చేయాలా, ఫోల్డ్ చేయాలా?

దసరా సెలవులకు మిర్యాలగూడలో కలిస్తే మేం ఒమాహా హై-లో అనే పోకర్ పేకాట ఆడతాం. ఇందులో ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు వస్తాయి, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ముక్కలే బోర్డు, వాటిలో మొదటి మూడూ ఫ్లాప్. పందెంలో సగం పెద్ద చేతికి, సగం చిన్న ముక్కల చేతికి (‘లో’) పోతుంది. చింతగింజలే చిప్స్. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటం నేరం, 2017 నుంచి ఆన్‌లైన్‌లో కూడా.

ఒకరు ఫ్లాప్‌కు ముందే తన దగ్గరున్న 1000 గింజలూ ఒకేసారి తోశారనుకోండి, అదే ఆల్-ఇన్. ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందేల్లో స్మాల్ బ్లైండ్ 50, నా బిగ్ బ్లైండ్ 100. కాల్ చేస్తే, అంటే ఇంకో 900 వేసి ఆ పందేన్ని సరిపెడితే, కుండ (మధ్యలో పోగైన మొత్తం) 2050. అంటే ఆ 900కి నష్టం లేకుండా ఉండాలంటే నాకు సగటున కుండలో 44 శాతం వాటా రావాలి. ఇద్దరి మధ్యే పోటీ అయితే ఈ ఆటలో ఇద్దరి వాటాల తేడా చాలాసార్లు 60-40 లోపే. అందుకే ఆసు, రెండు, మూడు, రాజు ఉంటే నేను కాల్ చేస్తాను. బోర్డు మీద మరో రెండు ముక్క (2) పడి నా రెండు పనికిరాకపోయినా మూడు ఆదుకుంటుంది, ‘లో’ చెడదు.

ఫోల్డ్ చేస్తే, అంటే ముక్కలు పడేసి తప్పుకుంటే, పోయేది 100 గింజలే. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటితో మంచి ‘లో’ రాదు. అవి పడేయాల్సిందే.

అప్పటికే ఇద్దరు ఆల్-ఇన్ అయి ఉంటే మాత్రం ఆసు-రెండు జత ఒక్కటే చాలదు. మరొకరి దగ్గరా అదే ఉంటే ‘లో’ సగాన్ని పంచుకోవాలి. కుండలో మూడో వంతు మనం పెట్టి పావు వంతు తెచ్చుకుంటాం. మావాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.