కుందేలు కూరకు ఏది మేలు: ప్రెషర్ కుక్కరా, మట్టి కుండా, స్లో కుక్కరా?

నేను చెప్పేది పెంపకం కుందేలు గురించి. అడవి కుందేలును, అంటే చెవులపిల్లిని, వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోకండి.

మేక మాంసానికి అలవాటైన చెయ్యి కుందేలు దగ్గర తడబడుతుంది. దీనికి కొవ్వు చాలా తక్కువ. వేడి ఎక్కువైతే ముక్క ముందు బిగుసుకుని, తర్వాత పీచుపీచుగా పొడిబారుతుంది. తొడలు, ముందుకాళ్ళు కొంచెం గట్టివి, నిదానంగా ఉడకాలి. నడుము ముక్కలకు అంతసేపు అక్కర్లేదు. ఒకే కుందేలులో రెండు రకాల మాంసం ఉందనుకోండి.

ప్రెషర్ కుక్కర్ లోపల వేడి దాదాపు 120 డిగ్రీల దాకా పోతుంది. తొడ మెత్తబడేసరికి నడుము ముక్క పిప్పి అయిపోతుంది. అంతకన్నా నాకు టెన్షన్ పెట్టింది ఎముకలు. కుందేలు ఎముకలు సన్నవి. కత్తితో నరికిన చోట చీలికలై, ఉడికాక మాంసాన్ని వదిలి పులుసులో కలిసిపోతాయి. మొదటిసారి వండినప్పుడు మా అత్తయ్య పంటికింద సూదిలాంటి ముక్క పడింది. అప్పటినుంచి దేంట్లో వండినా సరే, నరకొద్దు, కీళ్ళ దగ్గర విడదీయమని కొట్టే అతనికి ముందే చెబుతున్నాను. కుక్కర్‌ను మాత్రం కుందేలుకు వాడటం మానేశాను.

రుచిలో మట్టి కుండకు ఎదురులేదు. సన్నసెగ మీద మూత వారగా పెట్టి, మధ్యమధ్య వేడినీళ్ళు చిలకరిస్తూ గంటన్నర వండితే కూర ఇగిరి నూనె పైకి తేలుతుంది. అయితే మనిషి పొయ్యి దగ్గరే ఉండాలి. మే నెలలో గుంటూరు వంటింట్లో గంటన్నర నిలబడటం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. చలికాలం ఆదివారమైతే నేను కుండే ఎక్కిస్తాను.

మిగతా రోజుల్లో స్లో కుక్కరే మేలు, అంటే తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు గిన్నె. 'లో' (తక్కువ వేడి) మీద పెడితే పులుసు పెద్దగా మరగకుండా వేడి నిలకడగా ఉంటుంది, తొడలకు కావలసింది అదే. మాది 200 వాట్లది, ఆరు గంటలకు 1.2 యూనిట్లు ఖర్చు. లోటల్లా ఒకటే. ఇగురు అంటే నీరు ఇగిరిపోవాలి కదా, ఆ మూత కింద ఇగరదు. అన్నీ పచ్చివే వేసి స్విచ్ నొక్కితే సాయంత్రానికి కూడా అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోదు, ఎంత మంచి గుంటూరు కారం వేసినా కూర నీళ్ళనీళ్ళగా ఉంటుంది.

అందుకే ముందురోజు రాత్రి ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున మూకుడులో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి ముద్ద, తొడలు, ముందుకాళ్ళు వేసి బాగా మగ్గించి స్లో కుక్కర్‌లోకి మారుస్తాను. కేజీకి అర గ్లాసు వేడినీళ్ళు చాలు, మాంసం నుంచే నీరు ఊరుతుంది. మధ్యలో మూత తీయను. తీస్తే పోయిన వేడి మళ్ళీ రావడానికి చాలాసేపు పడుతుంది.

నడుము ముక్కలను సాయంత్రం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. ఉడికిన తొడలు పక్కకు తీసి, మిగిలిన పులుసును మూకుడులో పోసి, అందులో నడుము ముక్కలు వేసి అరగంట సన్నసెగ మీద ఉడికిస్తాను. ఆ తర్వాత ధనియాల పొడి, గసగసాలు కొబ్బరి ముద్ద, గరం మసాలా కలిపి, మంట పెంచి ఇగరబెట్టి, చివర్లో తొడలు వేసి దించుతాను. గిన్నెలు రెండవుతాయి, నిజమే. కానీ ఈ చివరి మెట్టు వదిలేస్తే అది మన కూరలా ఉండదు.

గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. లోపలిదాకా వేడెక్కేలోగా సూక్ష్మజీవులు పెరుగుతాయి. మనం ఇంట్లో ఉండగా కరెంటు పోతే వెంటనే గ్యాస్ మీదికి మార్చేయొచ్చు. లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ కూర పారబోయండి.