మడ అడవి చప్పుడు: పక్కనే కూర్చుని పట్టాలా, పెట్టె కట్టి వచ్చేయాలా?

ఐ.పోలవరం దిగువన, భైరవపాలెం వైపు మా మామయ్యకు కొబ్బరితోట ఉంది. తోట చివర గోదావరి పాయ, పాయ ఒడ్డున గుబురుగా మడచెట్లు. కిందటి శీతాకాలం అక్కడి చప్పుళ్లను రెండు రకాలుగా రికార్డు చేశాను. ఒక వారం చేతి రికార్డరు పట్టుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. ఇంకో వారం, దానంతటదే రికార్డు చేసుకునే ఆడియోమాత్ అనే చిన్న పెట్టెను చెట్టుకు కట్టేసి ఇంటికొచ్చి పడుకున్నాను. "ఏరా, ఆ కీచురాళ్ల గోల రోజూ ఉండేదేగా, పట్టుకెళ్లి ఏం చేసుకుంటావు?" అన్నాడు మామయ్య. నిజమే, సమాధానం చెప్పలేకపోయాను.

ఫోన్ సంగతి ముందే తేల్చేస్తాను. అరిచిన పిట్ట పేరేమిటో తెలుసుకోవడానికి మెర్లిన్ యాప్ పెట్టుకుంటే ఫోన్ చాలు. చోటు మొత్తం చప్పుడు పట్టాలంటే మాత్రం పనికిరాదు. ఫోన్ మైకు మన మాట కోసం చేసింది. ఆపకుండా వినిపించే కీచురాళ్ల రొదను చాలా ఫోన్లు అనవసరపు శబ్దం అనుకుని అణిచేస్తాయి. మధ్యలో జెముడుకాకి కూస్తే ఉన్నట్టుండి అంతా పైకి లేస్తుంది. వినేవాడికి ఎవరో రేడియో వాల్యూమ్ తిప్పుతున్నట్టే ఉంటుంది.

చేతి రికార్డరుకు పెద్ద బలం స్టీరియో. పోటు తగిలేటప్పుడు నీళ్లు పాయలోకి ఎడమ నుంచి వస్తాయి. ముందు ఎడమ చెవిలో మడవేళ్ల మధ్య గుటకలు వేసినట్టు వినిపించి, కాసేపటికి అదే చప్పుడు కుడివైపు చేరుతుంది. కళ్లు మూసుకుంటే పాయ ఎటు పారుతుందో తెలిసిపోతుంది. ఆడియోమాత్‌ది ఒకే మైకు కాబట్టి అందులో ఇదంతా ఒక ముద్దే.

ఇంకోటి, దగ్గరుంటే చెవికి పని దొరుకుతుంది. మొదటి రోజు నేను వెళ్లి కూర్చోగానే బురద మీద పీతలన్నీ బొరియల్లోకి దూరాయి. పావుగంట కదలకుండా ఉన్నాను, దోమలు కుడుతున్నా సరే. అప్పుడు మొదలైంది, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. అందులో కొన్ని టప్పుమని గట్టిగా పేలుతున్నాయి. అవి పిస్టల్ ష్రింప్ అనే రొయ్యలవి. వాటికి ఒక డెక్క మిగతా ఒంటికి పొంతన లేనంత పెద్దగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా మూస్తే నీటిలో బుడగ పుట్టి పగులుతుంది. డెక్క రెండు భాగాలూ ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడొస్తుందనే అందరూ అనుకునేవారు. కాదు, ఆ బుడగ పగిలిన చప్పుడేనని 2000లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇదంతా ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. కానీ ఒడ్డున హెడ్‌ఫోన్స్‌లో విన్నాను కాబట్టే చదవాలనిపించింది.

చేతి రికార్డరుతో ఇబ్బందులూ ఉన్నాయి. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే సముద్రపు గాలికి మొత్తం బుడబుడమంటుంది. రికార్డరు కన్నా ముందు అది కొనండి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన కమ్మీ మీద రికార్డరు పెట్టామా, వంతెన మీద నడిచే ప్రతివాడి అడుగూ చెక్కలోంచి మైకులోకి ఎక్కుతుంది. తాడుతో వేలాడదీస్తే కొంత నయం. అయినా అక్కడికి సందర్శకులను పగలే రానిస్తారు, ఇంజను బోట్లు తిరిగేదీ పగలే. మడ అడవి అసలు సందడి రాత్రిది.

రాత్రి సంగతికొస్తే పెట్టెదే పైచేయి. ఆడియోమాత్ ఇంచుమించు ఏటీఎం కార్డంత ఉంటుంది, మూడు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. అరగంటకు ఐదు నిమిషాల చొప్పున తీయమని పెడితే రోజుకు నాలుగు గంటల రికార్డింగు, సెకనుకు 48 వేల నమూనాల చొప్పున (48 కిలోహెర్ట్జ్) తీస్తే ఒకటిన్నర జీబీ లోపే. 384 కిలోహెర్ట్జ్ దాకా పెంచితే మన చెవికి అందని గబ్బిలాల కూతలూ పడతాయి. ఆ వారంలో ఒక రాత్రి రెండు దాటాక నక్కల ఊళ పడింది. ముందు ఒకటి, తర్వాత పాయ అవతల నుంచి నాలుగైదు. నేను ఒడ్డున కూర్చున్న రాత్రుల్లో ఒక్కటీ రాలేదు. బావురుపిల్లి, నక్క లాంటివి మనిషి వాసనకే దూరం జరుగుతాయి.

పైగా డెల్టాకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది, రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు. చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. అందుకే ఆ వేళకు అన్నీ తిరుగుతుంటాయి. పిట్టలు కూత మొదలెట్టేదీ సరిగ్గా అప్పుడే. జీవుల చప్పుడు, గాలీ నీళ్ల చప్పుడు, మనుషుల చప్పుడు అని, ప్రకృతి చప్పుళ్లను రికార్డు చేసే అమెరికన్ బెర్నీ క్రౌస్ మూడుగా విడదీశాడు. ఇక్కడ మూడోది రాత్రంతా మేలుకునే ఉంటుంది. ఎప్పుడైనా కరెంటు పోతే జనరేటరు అందుకునే దాకా ఒకటి రెండు నిమిషాలు దొరుకుతాయి, అంతే. ఆ నిమిషాల కోసం ఏ మనిషీ వారం పాటు కాపు కాయలేడు. పెట్టెను మూడు నుంచి ఆరు దాకా ఆపకుండా తీయమని పెడితే దొరకొచ్చు. నాకు ఒక్కసారి దొరికింది, నిమిషన్నర.

కానీ పెట్టె కట్టడం అనుకున్నంత తేలిక కాదు. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా పైకెక్కుతుంది. నేను పాటులో, అంటే నీరు తగ్గిన వేళ వెళ్లి నడుమెత్తున కట్టాను. "ఆయ్, ఇంకో మూరెడు పైకి కట్టండి, అమాస పోటు అందుకుంటదండి" అని నావ నడిపే ఆయన చెప్పకపోతే పెట్టె మునిగేది. పాలిథిన్ సంచిలో చుట్టారంటే వాన చినుకులు తప్ప ఇంకేమీ వినబడదు, దాని డబ్బానే వాడండి. ఒక రాత్రంతా ఏదో బరబరా గీకుతున్నట్టు వినిపించింది. తీరా చూస్తే డబ్బా నిండా చీమలు! ఇక కోరింగ లాంటి అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ కట్టకూడదు. ముందు మీ సొంత తోటలోనో చుట్టాల గట్టు మీదో మొదలుపెట్టండి.

అన్నిటికన్నా పెద్ద సమస్య, వినడం. వారానికి 28 గంటలు ఎవరు వింటారు? నేనైతే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే చప్పుడును బొమ్మగా చూపేది, తెరిచి కళ్లతో వెతుకుతాను. ఏరియేటరు అడుగున మందంగా పట్టీలా, కీచురాళ్లు పైన సన్నని గీతల్లా, కోకిల కూత మెట్లు ఎక్కినట్టు కనిపిస్తాయి. పని జరుగుతుంది, కాదనను. కానీ అది వినడం కాదు, లెక్కలు చూసుకోవడం.

అందుకే ఒక్కటే కొనే డబ్బుంటే చేతి రికార్డరే కొనమంటాను. పక్షుల లెక్కో, రాత్రి జంతువుల జాడో కావాలంటే మాత్రం పెట్టె. నేను రెండూ ఉంచుకున్నాను, ఎక్కువగా బయటికి తీసేది మాత్రం రికార్డరునే.

మామయ్యకు మొన్న రెండూ వినిపించాను. పోటు చప్పుడుకు తలూపి ఊరుకున్నాడు. నక్కల ఊళ దగ్గర మాత్రం హెడ్‌ఫోన్స్ తీసి, "ఇవి పోయి చాన్నాళ్లయిందనుకున్నానే" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.