ఓటీలో స్పెసిమెన్ ఎక్స్‌రే మెషిన్: ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు

మా ఆపరేషన్ థియేటర్‌లోకి క్యాబినెట్ ఎక్స్‌రే (కోసి తీసిన ముక్కని, అంటే స్పెసిమెన్‌ని, అక్కడికక్కడే ఎక్స్‌రే తీసే పెట్టె లాంటి మెషిన్) వచ్చాక బ్రెస్ట్ సర్జరీల్లో పెద్ద చిరాకు ఒకటి వదిలింది. అంతకుముందు తీసిన ముక్కని రేడియాలజీకి పంపేవాళ్ళం, అక్కడ మామోగ్రామ్ మెషిన్ మీద వేరే పేషెంట్ ఉంటే ఆవిడ పరీక్ష అయ్యేదాకా ఆగాలి, ఇక్కడేమో మత్తులో ఉన్న మనిషి, గ్లవ్స్‌తో చేతులు కట్టుకుని నిలబడ్డ సర్జన్. ఇప్పుడు ట్రేలో పెట్టి తలుపు మూస్తే చాలు, కాసేపటికే స్క్రీన్ మీద బొమ్మ. రేడియేషన్ బయటికి రాకుండా క్యాబినెట్‌కే రక్షణ ఉంటుంది, లెడ్ ఏప్రాన్ల గొడవ లేదు.

చేతికి తగిలే గడ్డకి దీని అవసరం తక్కువే. మామోగ్రామ్‌లో ఉప్పు చల్లినట్టు కనిపించే కాల్సిఫికేషన్లు (సన్నటి కాల్షియం చుక్కలు) ఉన్నాయే, వైర్ పెట్టి వెతికి తీసేవి, అవి ముక్కలోకి వచ్చాయా లేదా అన్నది కంటితో చూసి చెప్పలేం. మన దగ్గర ఇంకో రకం కేసులు ఎక్కువ. గడ్డ పెద్దదయ్యాక వస్తారు, ముందు కీమో ఇస్తాం, కొందరికి గడ్డ పూర్తిగా కరిగిపోతుంది (సంతోషమే, కానీ ఎక్కడ కొయ్యాలి?), అందుకే కీమోకి ముందే లోపల చిన్న లోహపు క్లిప్ పెడతారు. ఆ క్లిప్ బయటికి వచ్చిందా అన్నది కుట్లు వేయకముందే తెలియాలి. క్లిప్ పెట్టిన చంక నోడ్‌కీ (లింఫ్ గ్రంథికీ) అంతే.

అమ్మేవాళ్ళు "ఇక రెండో ఆపరేషన్ ఉండదు" అంటారు, నమ్మకండి. మార్జిన్ సంగతి, అంటే ముక్క అంచు దాకా క్యాన్సర్ ఉందా లేదా అన్నది, చివరికి పాథాలజీ చెప్పాల్సిందే. చుట్టుపక్కలకి పాకే (ఇన్వేసివ్) క్యాన్సర్‌కి ఇంకు వేసిన అంచున క్యాన్సర్ కణాలు ఉండకూడదు, డీసీఐఎస్‌కి (పాలనాళాలు దాటని తొలి దశకి) 2 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి, ఆ లెక్క మైక్రోస్కోప్‌ది. లోబ్యులర్ రకమైతే (పాలగ్రంథుల్లో మొదలయ్యేది) ఎక్స్‌రేలో సరిగ్గా కనపడకపోవచ్చు కూడా. పైగా కొవ్వు ముక్క ట్రేలో చదునుగా పరుచుకుపోతుంది, గట్టిగా నొక్కితే లేని చోట కూడా అంచు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. మాది 2డీ మెషిన్, కాబట్టి ముక్కని తిప్పి రెండో వైపు నుంచి కూడా తీస్తాం. క్యూబ్‌టెక్ వాళ్ళ మొజార్ట్ లాంటి 3డీ మెషిన్లు పొరలు పొరలుగా చూపిస్తాయి. ఏది కొన్నా పైన పొట్టి దారం, పక్కన పొడవు దారం కుట్టడం మర్చిపోతే మాత్రం ఏదో ఒక అంచు దగ్గరగా ఉందని తెలుస్తుంది, ఏ అంచో తెలియదు!

నా రేటింగ్ 5కి 4. రొమ్ము ఉంచి చేసే సర్జరీలు తక్కువగా ఉండి, మామోగ్రామ్ గది పక్కనే ఉంటే కొనకండి. కొనేవాళ్ళు మాత్రం బొమ్మలు మీ ప్యాక్స్‌లోకి (ఆసుపత్రి స్కాన్‌లన్నీ దాచే కంప్యూటర్ వ్యవస్థలోకి) నేరుగా వెళ్తాయో లేదో డెమో రోజే చేయించి చూడండి, ముక్క కోసేటప్పుడు పాథాలజిస్ట్‌కి ఆ బొమ్మ కావాలి. మాకు ఆ లింకు ఇంకా కుదరలేదు, ప్రింటు తీసి ఫార్మలిన్ డబ్బాతో పాటు పంపిస్తున్నాం.